లోడు వేసిన పావుగంటకే ఆగిపోతున్న 6 హెచ్‌పీ లిస్టర్ టైపు ఇంజిన్: కిట్ మార్చాల్సిందేనా?

ఉద్దానం_శీను
పలాస దగ్గర మాకు కొబ్బరి, జీడి తోట ఉంది. బావి మీద నీళ్ళు తోడడానికి మా తాతయ్య కొన్న 6 హెచ్‌పీ, 650 ఆర్పీఎం (నిమిషానికి చుట్లు) లిస్టర్ టైపు (ఇంగ్లండు లిస్టర్ కంపెనీ పాత డిజైన్) డీజిల్ ఇంజిన్ షెడ్డులో ఉంది. కరెంటు మోటారు వచ్చాక దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు మా వైపు స్తంభాలన్నీ పడిపోయి, రోజుల తరబడి కరెంటు లేక తాగే నీటికి కూడా అవస్థ పడ్డాం. ఆ తర్వాత నాన్న దీన్ని దులిపి, 5 కేవీఏ ఆల్టర్నేటర్‌కు బెల్టు వేసి ఇంటికి వాడుతున్నాడు.

సమస్య ఏటంటే, హ్యాండిల్ కొడితే పొద్దున చల్లగా ఉన్నప్పుడు కూడా వెంటనే అందుకుంటుంది. ఖాళీగా ఎంతసేపైనా నడుస్తుంది. ఫ్రిజ్జు, ఫ్యాన్లు, 1 హెచ్‌పీ మోటారు వేస్తే పావుగంట దాకా బాగానే లాగుతుంది. ఆ తర్వాత మెల్లగా స్పీడు పడిపోతుంది, తెల్ల పొగ, మిస్సింగ్, ఆగిపోవడం. కాసేపు ఊరుకుని తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. మళ్ళీ పావుగంటకు అదే కథ.

మెకానిక్ చూసి, పిస్టన్ రింగులు పోయాయి, వేడెక్కేసరికి కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుడు) పడిపోతోంది, పిస్టన్, లైనర్ కిట్ మార్చాలి అన్నాడు. పనితో కలిపి పదిహేను వేలు దాటుతుందట. డబ్బు పెట్టడానికి అభ్యంతరం లేదు గాని, అది పెట్టాక కూడా ఇలాగే ఆగితే నాన్న నన్ను తోటలోకి రానివ్వడు.

కొత్త_రైతు
పాత ఇనుముకు అమ్మేయ్ అన్నా. మూడొందల కిలోల పైనే తూగుతుంది.

పంపుసెట్_ప్రసాద్
ఎవరైనా అమ్మేయమంటారని తెలుసు, మొదటి జవాబే అదవుతుందని అనుకోలేదు.

శీనూ, రింగులు అరిగిన ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అవడానికి ఏడిపిస్తుంది, వేడెక్కాక కాస్త దారికొస్తుంది. నీది తిరగబడి ఉంది. చల్లగా వెంటనే అందుకుంటోందంటే కంప్రెషన్ ఉన్నట్టే. ఖర్చు లేని పరీక్ష చెప్తాను. ఇంజిన్ ఆపి, డీకంప్రెషన్ లివర్ (వాల్వును తెరిచి కంప్రెషన్ వదిలేసేది) వేయకుండా చక్రాన్ని చేత్తో కంప్రెషన్ మీదకు తీసుకెళ్ళి వదులు. బలంగా వెనక్కి తన్నితే రింగులు, వాల్వులు బాగున్నట్టు. బద్ధకంగా జారిపోతే అప్పుడు కిట్ గురించి మాట్లాడదాం.

నా అనుమానం డీజిల్ సరిగా అందడం లేదని. ట్యాంకు మూతకు చిన్న గాలి రంధ్రం ఉంటుంది, అది మూసుకుపోయినా ఇదే లక్షణం. మూత తీసేసి నడిపి చూడు.

గిర్ని_రాజన్న
ప్రసాద్ అన్నా, చల్లగున్నప్పుడు కంప్రెషన్ చూస్తే ఏం తెలుస్తది? మా నాన్న జగిత్యాల దగ్గర ఊళ్ళో గిర్ని నడిపిండు, నేను దాని పక్కనే పెరిగిన. ఎగ్జాస్ట్ వాల్వు (పొగ బయటికి పోయేది) ట్యాపెట్, అంటే వాల్వును నొక్కేది, బిగువుగా పెడితే సరిగ్గా ఇట్లనే చేస్తది. చల్లగున్నప్పుడు సందు ఉంటది, లోడు మీద వాల్వు కాలి సాగినప్పుడు సందు పోయి వాల్వు పూర్తిగ కూసోదు. కంప్రెషన్ లీకై ఆగిపోతది. చల్లారినాక మళ్ళ మంచిగ స్టార్ట్ అయితది. ముందు ట్యాపెట్ గ్యాప్ చూడుమను.

పంపుసెట్_ప్రసాద్
రాజన్న చెప్పింది కూడా జరిగేదే, కాదనను. అయితే రెంటినీ విడదీయడం తేలిక. ఆగిపోయిన మరుక్షణం, చల్లారనీయకుండా, చక్రం తిప్పి చూడు. అప్పుడు కంప్రెషన్ లేకపోతే రాజన్న గెలిచినట్టు. వేడి మీద కూడా బలంగా తన్నితే డీజిల్ దారి వెతకాలి.

సముద్రపు_ఇంజినీర్
650 ఆర్పీఎం ఇంజిన్‌ను స్లో స్పీడ్ అంటారు. మా ఓడల్లో మెయిన్ ఇంజిన్ నిమిషానికి వంద చుట్లు కూడా తిరగదు :) సరే, విషయానికొస్తే ప్రసాద్ గారి పద్ధతే సరైనది. ఏదీ విప్పకముందే, ఆగిన స్థితిలో కొలవాలి. చల్లారాక కొలిస్తే నేరం జరిగిన చోటు కడిగేశాక వేలిముద్రలు వెతికినట్టు.

చెరువుగట్టు
మాది భీమవరం వైపు వనామీ రొయ్యల సాగు. రాత్రి కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. అలాంటిచోట ఈ డుబ్బు డుబ్బు బండిని నమ్ముకుంటే అంతే సంగతులు. మేము 1500 ఆర్పీఎం సెట్లే వాడతాం, తాళం తిప్పితే స్టార్ట్. ఈ పాతవాటిమీద మమకారం ఏమిటో నాకు అర్థం కాదు.

పంపుసెట్_ప్రసాద్
మీకున్న లోడుకు అదే కరెక్టు, చెరువులకు ఇది పెట్టమని ఎవరూ చెప్పరు. ఇంటి బావికి, నాలుగు లైట్లకు ఇది చాలు. మీ సెట్టులో ఏదైనా పోతే సర్వీసు మనిషి ల్యాప్‌టాప్ తేవాలి. దీనికి నాలుగు స్పానర్లు, ఒక నోటు బుక్కు చాలు.

చెరువుగట్టు
మాది మెకానికల్ పంపు సెట్టే, ల్యాప్‌టాప్ ఏమీ అక్కర్లేదు. ఊరికే అనకండి.

ఉద్దానం_శీను
చేశాను. ట్యాంకు మూత తీసి నడిపితే ఏమీ తేడా లేదు. ఆగిన వెంటనే చక్రం తిప్పాను, బలంగా వెనక్కి తన్నింది, పక్కనున్న తమ్ముడు భయపడ్డాడు కూడా. అయితే ట్యాపెట్ కాదనేనా?

గిర్ని_రాజన్న
వేడి మీద అంత గట్టిగ తన్నిందంటే ట్యాపెట్ కాదు, ఒప్పుకుంటున్న. అయినా ఎప్పుడైనా చూసి పెట్టుకో, పోయేదేం లేదు.

పంపుసెట్_ప్రసాద్
ఇప్పుడు సీసా పరీక్ష. ఫ్యూయల్ పంపు దగ్గర డీజిల్ పైపు ఊడదీసి ఖాళీ సీసాలో పెట్టు. ట్యాంకు కాక్ (కుళాయి) పూర్తిగా తెరువు. ధార మొదట ఎలా ఉంది అన్నది కాదు, కాసేపటి తర్వాత ఎలా ఉందో చూడాలి. చాలామంది మొదటి ధార చూసి బాగానే వస్తోంది అని బిగించేస్తారు.

కొంచెం లెక్క వేస్తే నీ పావుగంట రహస్యం తెలుస్తుంది. 6 హెచ్‌పీ పూర్తి లోడు మీద గంటకు లీటరున్నర కన్నా కాస్త తక్కువ తాగుతుంది. అంటే నిమిషానికి పాతిక మిల్లీలీటర్ల లోపు. ఖాళీగా తిరిగేటప్పుడు అందులో మూడోవంతు కూడా పెద్దగా అక్కర్లేదు. ట్యాంకు నుంచి సన్నగా వచ్చినా ఖాళీ నడకకు సరిపోతుంది. లోడు మీద ఫిల్టర్ గిన్నెలో, పైపులో నిల్వ ఉన్నదాన్ని వాడుకుంటూ పోతుంది. ఆ నిల్వ అయిపోయేసరికి నీకు పావుగంట. ఊరుకున్నప్పుడు గిన్నె మళ్ళీ నిండుతుంది.

కొత్త_రైతు
మా ఇంటి ఖర్చులు కూడా ఇలాగే నడుస్తున్నాయి. ఒకటో తారీఖు నుంచి పదో తారీఖు దాకా ఫుల్ లోడు.

వైండింగ్_లక్ష్మి
ప్రసాద్ గారూ, ఈ లెక్క మా షాపులో బోర్డు మీద రాసి పెడతాను. జనరేటర్ కరెంటు తగ్గిపోతోంది అని ఆల్టర్నేటర్ ఊడదీసి మా దగ్గరికి మోసుకొస్తారు. బెంచి మీద పెడితే భేషుగ్గా ఉంటుంది. ఇంజిన్ స్పీడు పడితే వోల్టేజి పడక ఏం చేస్తుంది?

ఉద్దానం_శీను
మొదట పెన్సిలంత ధార వచ్చింది. కాసేపటికి సన్నబడి సన్నబడి బొట్లు బొట్లుగా మారింది. ఫిల్టరుకు ముందే పైపు ఊడదీసి చూసినా అంతే. అంటే ట్యాంకులోనే ఉందన్నమాట. ట్యాంకు దింపుతున్నాను.

ఉద్దానం_శీను
ట్యాంకు అడుగున గ్లాసుడు నీళ్ళు, దాని పైన గోధుమ రంగు జిగురు. కాక్ లోపలికి ఉన్న చిన్న జాలీకి ఆ జిగురు తెర కట్టింది. వేలితో గీస్తే పాల మీగడలా ఊడి వచ్చింది. ఇదేం పదార్థం?

సముద్రపు_ఇంజినీర్
డీజిల్‌లోకి నీరు చేరితే, ఆ రెండూ కలిసే గీత దగ్గర సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఓడ ట్యాంకుల్లోనూ మాకు ఇదే తలనొప్పి, అందుకే రోజూ అడుగు నీరు వదులుతాం. నీకు నీరు ఎక్కడిది అంటే, సగం ఖాళీ ట్యాంకులో రాత్రి చల్లబడిన గాలి నుంచి దిగే తేమ. మీది సముద్రం పక్క ఊరు కాబట్టి తేమ ఇంకా ఎక్కువ. వాడని రోజుల్లో ట్యాంకు నిండుగా ఉంచు. అడుగున నీరు వదిలే ప్లగ్గు లేకపోతే పెట్టించు. జాలీ తీసేయకు, కడిగి మళ్ళీ పెట్టు.

పంపుసెట్_ప్రసాద్
ఫిల్టర్ ఎలిమెంటు కూడా కొత్తది వెయ్యి, కడిగి వాడకు. బిగించాక గాలి పూర్తిగా తీయాలి. ముందు ఫిల్టర్ మీద స్క్రూ వదులు చేసి బుడగలు లేకుండా డీజిల్ వచ్చేదాకా ఉంచు. తర్వాత పంపు దగ్గర. చివరికి నాజిల్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది) పైపు నట్టు వదులు చేసి, ర్యాకు (డీజిల్ ఎంత పోవాలో సరిచేసే కడ్డీ) తెరిచి చక్రం తిప్పు. నట్టు బిగించాక మళ్ళీ తిప్పితే నాజిల్ లోపల కిర్రుమని చప్పుడు వినపడాలి. ఆ చప్పుడు రాకుండా గంటసేపు హ్యాండిల్ కొట్టినా భుజం నొప్పి తప్ప ఏమీ రాదు.

హ్యాండిల్ అంటే గుర్తొచ్చింది. బొటనవేలు మిగతా నాలుగు వేళ్ళ వైపే ఉంచాలి, చుట్టూ తిప్పి పట్టుకోకూడదు. వెనక్కి తన్నితే మణికట్టు విరుగుతుంది.

గిర్ని_రాజన్న
ఈ ముచ్చట పెద్ద అక్షరాలతోని రాయాలె. మా ఊర్లె ఇద్దరికి చెయ్యి వంకర ఉండె, ఇద్దరూ ఇంజిన్ కొట్టినోళ్ళే.

ఉద్దానం_శీను
జాలీ కడిగి, ఫిల్టర్ మార్చి, గాలి తీసి నడిపితే గంట పైగా లోడు మీద లాగింది. నాన్న పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కిట్ గండం తప్పింది, ప్రసాద్ అన్నకు దండాలు.

కాని లోడు తక్కువున్నప్పుడు తెల్ల పొగ ఇంకా ఉంది, కళ్ళు మండే వాసన. ఇంకోటి, సాయంత్రం బల్బులు రెపరెపలాడుతున్నాయి. ఇవి రెండూ ఎందుకు?

పంపుసెట్_ప్రసాద్
నీళ్ళు ఎలా ఇస్తున్నావు ఇంజిన్‌కు?

ఉద్దానం_శీను
మిద్దె మీద ట్యాంకు నుంచి పైపు వేసి నేరుగా. బయటికి వచ్చే నీళ్ళు కొబ్బరి మొక్కలకు పోతాయి. బాగా చల్లగా ఉంటుంది ఇంజిన్, చెయ్యి పెట్టొచ్చు.

సముద్రపు_ఇంజినీర్
అదే తెల్ల పొగకు కారణం. చెయ్యి పెట్టగలిగే ఇంజిన్ చాలా చల్లగా ఉన్నట్టు. సిలిండర్ గోడలు చల్లగా ఉంటే చిమ్మిన డీజిల్ పూర్తిగా మండదు, కొంత ఆవిరిగా బయటికి పోతుంది. ఆ తెల్ల పొగ, కళ్ళ మంట అదే. ఇంకొంత రింగుల పక్కనుంచి నూనెలోకి దిగి దాన్ని పలచన చేస్తుంది. మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి గోడమీద చెమటలా పట్టి లైనర్ తుప్పుతో అరుగుతుంది. బయటికి వచ్చే నీరు 70, 80 డిగ్రీలు ఉండాలి.

గిర్ని_రాజన్న
ఇది నేను ఒప్పుకోను. మా గిర్నికి బావి నీళ్ళు నేరుగ పోయేటివి, ముప్పై ఏండ్లు నడిచింది. వేడి ఇంజిన్‌కే సీజింగ్ అయితది, చల్లటి దానికి ఏమైతది?

సముద్రపు_ఇంజినీర్
ముప్పై ఏళ్ళలో లైనర్ ఎన్నిసార్లు మార్చారో మీ నాన్నగారిని అడగండి :) గిర్ని పొద్దంతా పూర్తి లోడు మీద పనిచేస్తుంది కాబట్టి చల్లటి నీటితో కూడా కొంత తట్టుకుంటుంది. శీను ఇంజిన్ మీద ఫ్రిజ్జు, ఫ్యాన్లు మాత్రమే ఉంటే పావు లోడు కూడా కాదు. తక్కువ లోడు, చల్లటి నీరు కలిస్తే మరీ చెడ్డది.

గిర్ని_రాజన్న
మార్చిండ్రులే, ఎన్నిసార్లో యాదికి లేదు. గని ఊర్లె ఎవ్వరి ఇంజిన్ చూసినా గట్లనే ఉండె.

చెరువుగట్టు
ఈ విషయంలో ఇంజినీర్ గారిదే కరెక్టు. మా సెట్లకు థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీటిని ఆపేది) ఉంటుంది కదా, చల్లటి నీరు పనికిరాదనే కదా పెట్టింది. ఇంతకుముందు డీజిల్‌లో గంధకం ఎక్కువ ఉండేది, చల్లటి గోడ మీద అది యాసిడ్ అయ్యేది. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్ 6 డీజిల్ వచ్చాక గంధకం మిలియన్‌కు 10 పాళ్ళకు తగ్గింది. యాసిడ్ బాధ తగ్గినా నీటి చెమట, నూనె పలచనవడం అలాగే ఉంటాయి.

పంపుసెట్_ప్రసాద్
శీనూ, రెండొందల లీటర్ల ఇనుప డ్రమ్ము తెచ్చుకో. పంపు ఏమీ అక్కర్లేదు. వేడి నీరు తేలికై పైకి పోతుంది, చల్లటి నీరు కిందినుంచి ఇంజిన్‌లోకి వస్తుంది. హెడ్డు నుంచి డ్రమ్ముకు పోయే పైపు మొదటి నుంచి చివరి దాకా పైకే ఎక్కుతూ ఉండాలి, మధ్యలో ఎక్కడా వంగి దిగకూడదు. దిగినచోట ఆవిరి బుడగ చిక్కుకుని నీళ్ళ తిరుగుడు ఆగిపోతుంది. డ్రమ్ములో నీటి మట్టం పై పైపు నోటికన్నా ఎప్పుడూ పైనే ఉండాలి. సన్న పైపులు వేయకు, ఇంజిన్ మీదున్న రంధ్రమంత లావు ఉండాలి.

కొత్త_రైతు
ఆ డ్రమ్ములో స్నానానికి వేడి నీళ్ళు కూడా అయిపోతాయి. చలికాలం ఇంటిల్లిపాదీ జనరేటర్ ఎప్పుడు ఆన్ చేస్తారా అని ఎదురుచూస్తారు.

టెక్సాస్_తెలుగోడు
నవ్వులాటకు అన్నా ఇక్కడ నిజంగానే చేస్తారు. నేను ఉండేచోట ఊరి బయట పొలాల్లో ఉండే ఒకాయన దగ్గర రాజ్‌కోట్‌లో తయారైన 6 హెచ్‌పీ ఉంది. దాని నీటి వేడితో వర్క్‌షాపు వెచ్చబెట్టుకుంటాడు. అప్పట్లో ఇవి ఇక్కడికి బాగా వచ్చాయి. తర్వాత పొగ నిబంధనలు కట్టుదిట్టమై కొత్తవి దిగుమతి కావడం ఆగిపోయింది. అసలు ఇంగ్లండులో గ్లాస్టర్‌షైర్‌లోని డర్స్‌లీ ఊళ్ళో 1930 ప్రాంతంలో మొదలైన డిజైన్ ఇది, మనవాళ్ళు దాన్ని ఇన్నాళ్ళు బతికించారు.

ఆయన చెప్పిన ముఖ్యమైన మాట ఒకటి. ఇక్కడివాళ్ళు కొత్త ఇంజిన్ పెట్టెలోంచి తీయగానే స్టార్ట్ చేయరు. ముందు పూర్తిగా విప్పి, క్రాంక్‌కేసు లోపల పోతపోసినప్పుడు అంటుకుని మిగిలిన ఇసుకను గీకి కడుగుతారు. తిరిగే భాగాలు అడుగు నూనెను చిమ్మి తడుపుకునే ఇంజిన్ కదా, ఆ ఇసుక నేరుగా బేరింగుల్లోకి పోతుంది.

పంపుసెట్_ప్రసాద్
అది నిజం. తెనాలిలో మా షెడ్డులో కొత్తవాటికి కూడా పక్క తలుపు విప్పి గుడ్డతో తుడవందే నూనె పోయను. ఇసుక లేనివి కూడా చూశాను, అది ఎవరు పోశారన్న దాన్ని బట్టి. శీను ఇంజిన్ తాతల నాటిది, అందులో ఇసుక ఉంటే ఈపాటికి ఎప్పుడో తేలిపోయేది.

వైండింగ్_లక్ష్మి
రెపరెపల సంగతి నేను చెప్తాను. ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. 650 ఆర్పీఎం అంటే నిమిషానికి 325 దెబ్బలు, సెకనుకు అయిదున్నర లోపు. ప్రతి దెబ్బకు చక్రం కాస్త ఉరుకుతుంది, తర్వాతి దెబ్బ దాకా కాస్త నెమ్మదిస్తుంది. వోల్టేజి కూడా అలాగే ఊగుతుంది. కంటికి బాగా తెలిసే వేగం అది. ఆల్టర్నేటర్ విప్పి చూసినా దొరికేది ఏమీ లేదు, అది పుట్టుకతో వచ్చిన గుణం.

లోపల డ్రైవర్ సర్క్యూట్ ఉన్న మంచి ఎల్ఈడీ బల్బులు వేస్తే చాలావరకు తెలియదు. చవక బల్బుల్లో ఒట్టి కెపాసిటర్ ఉంటుంది, అవి గుడిలో దీపాల్లా ఊగుతాయి. అన్నట్టు బెల్టు అతుకు దగ్గర లావుగా ఉందా చూడండి. అతుకు పుల్లీ మీదకు వచ్చినప్పుడల్లా ఒక కుదుపు వేరేగా వస్తుంది.

ఉద్దానం_శీను
బెల్టుకు ఇనుప క్లిప్పుల అతుకు ఉంది మేడం. టపటపమని చప్పుడు కూడా వస్తుంది, ఇన్నాళ్ళు అది ఇంజిన్ చప్పుడే అనుకున్నాం. బల్బులు మార్చి చూస్తాను. ఫ్రీక్వెన్సీ మీటరు పెడితే ఖాళీగా 52 హెర్ట్జ్, అన్నీ వేస్తే 49 చూపిస్తోంది. గవర్నర్ (స్పీడు అదుపు చేసేది) పాడైందా?

వైండింగ్_లక్ష్మి
లేదు, అది సక్రమంగా ఉంది. మెకానికల్ గవర్నర్ లోడు పడితే స్పీడు కొంచెం వదులుతుంది. ఖాళీగా 50 పెట్టుకుంటే లోడు మీద 47కు దిగి ఫ్రిజ్జు మోటారు వేడెక్కుతుంది. ఖాళీగా 52 పెట్టుకోవడమే పద్ధతి. ఒకే లోడు మీద స్పీడు దానంతట అదే పెరుగుతూ తగ్గుతూ ఉంటే అప్పుడు గవర్నర్ లింకులు, ర్యాకు బిగుసుకున్నాయేమో చూడాలి.

ఇంకో మాట. 6 హెచ్‌పీ అంటే నాలుగున్నర కిలోవాట్లు. బెల్టులో కొంత, ఆల్టర్నేటర్‌లో కొంత పోగా 3 కిలోవాట్లు నికరంగా వాడుకోవచ్చు. ఆల్టర్నేటర్ మీద 5 కేవీఏ అని రాసి ఉందని అంతా వేయకండి. మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలు కన్నా అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. కాబట్టి ముందు మోటారు వేసి, అది అందుకున్నాక ఫ్రిజ్జు, ఫ్యాన్లు వేయండి.

కరెంటు_సుబ్బారావు
ఇన్ని పోస్టులు చదివాను, ఒక్కరూ అడగలేదు. శీనూ, జనరేటర్ కరెంటు ఇంట్లోకి ఎలా ఇస్తున్నావు? చేంజోవర్ స్విచ్ (లైను కరెంటు, జనరేటర్ కరెంటు రెండిట్లో ఒక్కదాన్నే ఇంటికి కలిపేది) ఉందా?

ఉద్దానం_శీను
రెండు వైపులా పిన్నులున్న వైరు ఉంది బాబాయ్. వరండాలో ప్లగ్గులో పెడతాం. మెయిన్ ఆపే పెడతాం.

కరెంటు_సుబ్బారావు
ఆ వైరు ఇవాళే కోసేయ్. నేను లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. తుపాను తర్వాత లైను చచ్చిందని నమ్మి స్తంభం ఎక్కుతాం. కింద ఎవరో ఇంట్లో జనరేటర్ వేసి మెయిన్ ఆపడం మరిచిపోతే, ఆ 230 వోల్టులు ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కి పోతాయి. కిందికి దించే ట్రాన్స్‌ఫార్మరే అటునుంచి ఇస్తే పైకి పెంచుతుంది, హెచ్‌టీ (హై టెన్షన్) వైపు 11 వేల వోల్టులు దాకా వస్తాయి. నువ్వు మెయిన్ ఆపుతావు సరే, నువ్వు లేనప్పుడు మీ ఇంట్లోవాళ్ళు ఆపుతారని ఎవరు చెప్పగలరు? ఆ పిన్నులు బయట ఉండగా ఇంజిన్ తిరుగుతుంటే పట్టుకున్న పిల్లాడి సంగతేంటి?

ఫేజు, న్యూట్రల్ రెండూ మార్చే డబుల్ పోల్ చేంజోవర్ పెట్టించు. నీ కిట్ ఖర్చు మిగిలింది కదా, అందులో చిన్న ముక్క చాలు. ఆల్టర్నేటర్ బాడీకి ఎర్తింగు కూడా వేయించు.

చెరువుగట్టు
సుబ్బారావు గారికి పూర్తిగా మద్దతు. మా వైపు చెరువుల దగ్గర తడి నేలలో ఈ రెండు పిన్నుల వైర్లు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఉద్దానం_శీను
సరే బాబాయ్, వైరు తీసేశాను. ఎలక్ట్రీషియన్ వచ్చి చేంజోవర్ పెట్టేదాకా ఫ్రిజ్జును నేరుగా జనరేటర్ బాక్సు నుంచే ఇస్తాను.

గిర్ని_రాజన్న
నూనె ఏం పోస్తున్నవ్? 20డబ్ల్యూ40 పోస్తే మంచిదని మా బావ అంటడు. మేము ఎప్పుడూ ఒట్టి 30 నంబరే పోసినం.

పంపుసెట్_ప్రసాద్
దీనికి నూనె ఫిల్టర్ లేదు, అక్కడే గొడవంతా. 20డబ్ల్యూ40లో ఉండే డిటర్జెంటు మసిని నూనెలో తేలేటట్టు ఉంచుతుంది, ఫిల్టర్ లేకపోతే ఆ మసి బేరింగుల చుట్టూ తిరుగుతుంది. డిటర్జెంటు లేని పాత 30 నంబరు మసిని అడుగున పేరుకోనిస్తుంది. నేను 30 పోసి, తొందరగా మార్చి, మార్చిన ప్రతిసారీ అడుగు గుడ్డతో తుడుస్తాను.

సముద్రపు_ఇంజినీర్
నేనైతే డిటర్జెంటు ఉన్నదే పోసి, ఇంకా తొందరగా మారుస్తాను. మసి నూనెతోపాటు బయటికి పోతుంది, రింగులు అతుక్కోవు. ఏళ్ళ తరబడి ఒట్టి 30 మీద నడిచిన ఇంజిన్‌లో ఉన్నట్టుండి డిటర్జెంటు నూనె పోస్తే పేరుకున్న మడ్డి అంతా ఒకేసారి ఊడుతుంది. శీను పోయాలనుకుంటే ముందు లోపల శుభ్రం చేయాలి.

పంపుసెట్_ప్రసాద్
దీని మీద ఇద్దరం ఎన్నిసార్లు కొట్టుకున్నామో పాత చర్చల్లో ఉంది, మళ్ళీ వద్దు. ఏ నూనె అయినా గీత దాటి మాత్రం పోయకు. ఎక్కువైతే రింగుల పక్కనుంచి పైకెక్కి, డీజిల్ ఆపినా ఆ నూనె మీదే ఇంజిన్ అందుకుని రెచ్చిపోతుంది.

కొత్త_రైతు
అప్పుడేం చేయాలి? పరుగెత్తాలా?

పంపుసెట్_ప్రసాద్
డీకంప్రెషన్ లివర్ ఎత్తాలి. అందకపోతే గాలి పీల్చే నోటికి చెక్క ముక్క అడ్డం పెట్టాలి. అరచెయ్యి, గుడ్డ పెట్టకూడదు, లోపలికి లాగేస్తుంది. షెడ్డులో ఆ మాత్రం చెక్క ముక్క ఒకటి మేకుకు తగిలించి ఉంచితే మంచిది. స్పీడు హద్దు దాటిపోయిందనిపిస్తే మాత్రం చక్రాల వరసలో నిలబడకు, నీ ప్రశ్నకు జవాబు అవును, పరుగెత్తాలి.

వైండింగ్_లక్ష్మి
శీను గారూ, చాలాకాలం నడపకుండా ఉంచి తీస్తే ఒక్కోసారి ఇంజిన్ బాగా తిరుగుతున్నా కరెంటు అసలు రాదు. అప్పుడు కంగారుపడి వైండింగ్ కాలిందనుకోకండి. ఖాళీగా తిప్పి అవుట్‌పుట్‌లో మీటరు పెట్టండి. నాలుగైదు వోల్టులు చూపిస్తే లోపలి అయస్కాంత గుణం ఉన్నట్టే, కార్బన్ బ్రష్షులు అతుక్కున్నాయేమో, డయోడ్ బ్రిడ్జి పోయిందేమో చూడాలి. అసలు సున్నా చూపిస్తే 12 వోల్టుల బ్యాటరీతో క్షణంపాటు ఫీల్డు (అయస్కాంతం పుట్టించే చుట్ట)కు ఊపిరి ఇవ్వాలి, ప్లస్, మైనస్ తారుమారు కాకూడదు. అది తెలిసినవాళ్ళ చేత చేయించండి.

ఉద్దానం_శీను
డ్రమ్ము దొరికింది, పాత కిరసనాయిలు డ్రమ్ము. లోపల కడగాలి. ఇంజిన్ వెనక గోడకూ డ్రమ్ముకూ మధ్య ఎంత దూరం ఉండాలి? షెడ్డుకు మూడు వైపులా గోడలున్నాయి, పొగ గొట్టం కిటికీలోంచి బయటికి పెట్టాం.

సముద్రపు_ఇంజినీర్
డ్రమ్ము చుట్టూ మనిషి తిరిగేంత ఉంటే చాలు. దానికన్నా ఆ కిటికీ మీ ఇంటి వైపు ఉందా, తోట వైపు ఉందా అన్నది చెప్పు. ఇంటి వైపు ఉంటే గొట్టం కప్పు మీదుగా పైకి తీసుకెళ్ళు. ఆ పొగలో వాసన లేని విషవాయువు కూడా ఉంటుంది, రాత్రి నిద్రలో తెలియదు.

ఉద్దానం_శీను
ఇంటి వైపే. రేపే గొట్టం మారుస్తాను. మోచేతి వంపులు వేయొచ్చా?

పంపుసెట్_ప్రసాద్
ఒకటి వేయొచ్చు, రెండు దాటితే గొట్టం ఒక సైజు లావుది వెయ్యి. చివర వాన పడకుండా పైన రేకు మూత పెట్టు. గొట్టం బరువు హెడ్డు మీద వేలాడకుండా గోడకు క్లాంపు వెయ్యి, లేకపోతే ఆ ఊపుకు స్టడ్డు విరుగుతుంది.